ఉమ్మడి భాషలో ఖాళీగా వదిలిన మాట

మద్రాసు,
నవంబరు నెల, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన తమ్ముడు రత్నానికి,

ప్రభువు కృప నీకూ, అత్తకూ తోడుండాలని కోరుకుంటూ మీ అక్క ఎస్తేరు రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నువ్వు పొద్దున్న ఏదైనా తిని కొవ్వూరులో పాసింజరు ఎక్కుతున్నావా, లేక నిడదవోలు వెళ్ళి టీవీల రిపేరు కొట్లో టీ నీళ్ళతోనే మధ్యాహ్నం దాకా ఈడుస్తున్నావా? జవాబు రాయవని తెలిసే అడుగుతున్నాను. అడక్కుండా ఉండలేను, నా సంగతి నీకు తెలుసు. ఇన్నాళ్ళూ అత్త పేరున రాసి, చివర్లో ‘రత్నాన్ని అడిగానని చెప్పు’ అని పెట్టేదాన్ని. ఈసారి తిన్నగా నీకే రాస్తున్నాను. చింపెయ్యకు. చింపినా చదివి చింపు.

నా గురించి కంగారు పడాల్సిందేమీ లేదు, నిజంగా బాగానే ఉన్నాను. ఉండేది మామి గారింట్లో మేడ మీద. మామి అంటే ఇల్లుగలావిడ, అందరూ అలాగే పిలుస్తారు. నలుగురం ఆడవాళ్ళం అద్దెకున్నాం. ఒకావిడది కేరళ, ఒకావిడది బళ్ళారి, ఇంకొకావిడది ఎక్కడో ఉత్తరాది. వానలు మొదలయ్యాయి గాని మొన్నటిదాకా నీళ్ళకి మహా ఇబ్బంది పడ్డాం. గోదావరి గట్టున పుట్టి పెరిగినదాన్ని, ఇక్కడ బిందె పట్టుకుని లారీ కోసం లైనులో నిలబడ్డాను రా! ఒక రోజు నా ముందావిడ పక్కకి తప్పుకుందని ఒక అడుగు ముందుకేస్తే, వెనకనుంచి నలుగురూ కలిసి తిట్టారు. ఏం తిట్టారో ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైతే తిరిగి అనేదాన్ని, అది కాస్తా లేకుండా పోయింది.

తమిళం సంగతి ఇక చెప్పకూడదు. ఎవర్ని కదిపినా “సొల్లు, సొల్లు” అంటారు. చెప్పు, చెప్పు అని దాని అర్థం. మన దగ్గర సొల్లంటే నోట్లోంచి కారేది కదా! వచ్చిన కొత్తలో ఎవరు సొల్లు అన్నా కొంగుతో మూతి తుడుచుకునేదాన్ని. ఒక రోజు మామి గారితో “బకెట్టు అవసరం” అన్నాను. వీళ్ళకి అవసరం అంటే తొందర, కంగారు అని. పాపం ఆవిడ, బకెట్టుకి ఏమైపోయిందో అనుకుని ఆ వయసులో చీర కుచ్చెళ్ళు పట్టుకుని బాత్రూం వైపు పరుగెత్తింది. తరవాత ఇద్దరం నవ్వుకున్నాం లే.

నవ్వుకున్నాం అన్నానని ఇక్కడేదో సందడిగా ఉందనుకోకు. భోజనాల దగ్గర మేం నలుగురం మాట్లాడుకునేది ఇంత ఇంగ్లీషు, ఇంత తమిళం, మిగతాది చేతులు. సాంబారు కావాలా, అక్కర్లేదా, కరెంటు పోయిందా, వచ్చిందా, అంతవరకూ బాగానే సరిపోతుంది. అంతకుమించి చెప్పుకోవాలంటే మాట ఉండదు. బళ్ళారి ఆవిడ ఒకసారి కంచం ముందు కూర్చుని ఏడుస్తోంది. ఎందుకని అడగడానికి నా దగ్గర “వాట్ హ్యాపెండ్” తప్ప ఇంకేం లేదు. ఆవిడ దగ్గర “నథింగ్” తప్ప ఇంకేం లేదు. పక్కన కూర్చుని పెరుగు కలిపిపెట్టాను. రోజంతా వాగుతూనే ఉంటాను రా, నా నోటికి సెలవెక్కడిది, కానీ పడుకోబోయే ముందు చూసుకుంటే ఒక్క మాటా నాది కాదనిపిస్తుంది.

ఇక పని సంగతి. మేం చేసే సీరియల్ నువ్వు చూశావు. చూసి కొట్లో టీవీలన్నీ కట్టేశావని అత్త ఫోనులో చెప్పింది. “ఏమేవ్, ఆ రిపేరుకొచ్చిన టీవీల్లో ఒకేసారి నీ కాకి భాష మొదలైందంట. ఆడు లేచి ఒక్కోటీ కట్టేశాడంట. జనం ముందు నా పరువు తీసిందని అనుకుంటన్నాడేమో” అంది. అక్కడికే వస్తున్నాను, ఉండు. మధ్యలో కాగితం మడిచేయకు.

నేనొచ్చింది ఇంగ్లీషు సీరియళ్ళని తెలుగు చేసే పనికని నీకు తెలుసు. రాజమండ్రి స్కూల్లో పిల్లల చేత నేను వేయించిన నాటకం చూసి, జడ్జీగా వచ్చిన మూర్తి గారు “మద్రాసు రండమ్మా, మీకు మాట తెలుసు” అన్నారు చూడు, ఆయనే ఇక్కడ మాకు పెద్ద. తెర మీద మనిషి పెదాలు మూసినప్పుడు ప గాని, బ గాని, మ గాని పడాలి. తెరిచినప్పుడు తెరిచే అక్షరం పడాలి. తెలుగూ తెలుగులాగే ఉండాలి. మొదటి నెలంతా నేను అన్నం తింటూ కూడా ఎదుటివాళ్ళ మూతులు చూస్తూ కూర్చున్నాను.

ఈ సీరియల్లో వందల నక్షత్రాల నుంచి వచ్చిన వాళ్ళు ఒక పెద్ద చక్రంలాంటి ఓడలో కాపురం ఉంటారు. ఒక్కొక్కళ్ళదీ ఒక్కో భాష. ఒకళ్ళ భాష ఇంకొకళ్ళు నేర్చుకోవాలంటే, మాదెందుకు నేర్చుకోరు అని తగువు. చివరికి ఎవరిదీ కాని భాష ఒకటి తయారు చేసుకుంటారు. దానికి నేను ఉమ్మడి భాష అని పేరు పెట్టాను. ఓడ నడపడానికీ, బేరాలకీ, సంధులకీ అన్నిటికీ అదే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఏవో గొణుగుళ్ళతో పలికించారు. ఆ గొణుగుళ్ళూ, ఇంగ్లీషు డైలాగులూ కలిపి ఒకే ట్రాకులో ఉన్నాయి, ఒకటి తీస్తే రెండోదీ పోతుంది. కాబట్టి ఆ భాషని మేమే మళ్ళీ పలకాలి. మా ఆర్టిస్టులు గబగబ, డుబుడుబు అంటూ ఏదేదో అన్నారు. మూర్తి గారు తల పట్టుకున్నారు. “నక్షత్రాల వాళ్ళు అజీర్తి చేసినట్టు మాట్లాడుతున్నారేంటండీ!” అన్నారు.

అప్పుడు నోరు జారాను రా. “కనీకళ్ళు కకాకవాకలి” అనేశాను. నీళ్ళు కావాలి అని. ఆ ముసుగులు తొడుక్కున్న వాళ్ళ నోళ్ళు తెర మీద టపటపా తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి, మామూలు తెలుగు మాట వేస్తే సగంలోనే అయిపోతుంది. ప్రతి అక్షరం ముందూ క వేస్తే సరిగ్గా అతికింది. మూర్తి గారు కుర్చీలోంచి లేచి “ఏంటమ్మా అది? ఇంకోసారి అనండి” అన్నారు. అన్నాను. పొగిడితే కరిగిపోయేదాన్నని నీకు తెలియందేముంది. ఆ సాయంత్రానికల్లా మన క-భాష వంద నక్షత్రాల ఉమ్మడి భాష అయి కూర్చుంది.

ముందు నిన్ను అడగాల్సింది. అడగలేదు. అది నాది మాత్రమే కాదు.

ఇంకో మాట చెప్పనా? మనం మన ఇద్దరిదే అనుకున్నాం గాని, అక్కడున్న ఆర్టిస్టుల్లో సగం మంది “చిన్నప్పుడు మేమూ మాట్లాడాం అండీ” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది! వాళ్ళది వట్టి ఆట, మూడు మాటలు అనేసరికి నవ్వేసి వదిలేసిన సరుకు. మనం అందులో దెబ్బలాడుకున్నాం, లెక్కలు చెప్పుకున్నాం, నాన్న పోయినప్పుడు ఏడ్చాం. కాలవ గట్టు మీద బడికి నడుస్తూ నువ్వు ఆ భాషలో ఆగకుండా మాట్లాడుతుంటే, ఏడేళ్ళవాడివి, నేను వెనక పరుగెత్తాల్సి వచ్చేది. తెలుగులో అక్కా అనడానికి అరనిమిషం పట్టే నీకు, కఅకక్కా అనడానికి రెప్పపాటు పట్టేది కాదు. ఎందుకలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రతి అక్షరానికీ ముందు క చెయ్యి పట్టుకుని నడిపించేదేమో. నీకు నత్తి లేని చోటు ప్రపంచంలో అదొక్కటే ఉండేది. అది తీసుకెళ్ళి నేను టీవీలో పెట్టాను.

నీ కోపం దానికి ఒక్కదానికే కాదని కూడా తెలుసు. పోయిన క్రిస్మస్ సంగతి మనిద్దరం ఇప్పటిదాకా ఎత్తలేదు. నువ్వు ఎత్తవు. నేను నా వైపునుంచి ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళ చెప్తాను.

గుడిలో వాక్యం నువ్వే చదువుతానన్నావు. రెండు నెలలు సాధన చేశావు, తలుపు వేసుకుని. నాకు వినపడేది. ఆరోజు తెల్ల చొక్కాతో నిలబడ్డావు, మొదటి నాలుగు వరసలూ గడగడా చదివేశావు. నేను పాటల గుంపులో నిలబడి ఊపిరి బిగబట్టుకున్నాను. అయిదో వరసలో ‘ప్ర’ దగ్గర ఆగావు. ప… ప… అంటూ నీ మెడ నరాలు పొంగుతున్నాయి. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. అంతే, నేను ఆగలేకపోయాను. “ప్రవక్త” అని పైకి అనేశాను. గుడంతా వినపడింది. నువ్వు పుస్తకం మూశావు. నా వైపు చూడలేదు. దిగి వచ్చి అత్త పక్కన కూర్చున్నావు. ఆరోజు మొదలు నాతో తల ఊపడమే గాని మాట లేదు. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేకపోయాడని ఫిబ్రవరిలో బండెక్కాను. ఉద్యోగం కోసం వచ్చానని అందరికీ చెప్పాను గాని, అసలు సంగతి అదే.

నీకు సాయం చేశాననే అనుకున్నాను. ఒట్టు. ఇన్ని నెలలూ, సాయం చేస్తే ఇంత పౌరుషమేంటి వీడికి అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. మొన్న మంగళవారం దాకా.

మంగళవారం స్టూడియోలో ఒక పెద్దాయన డైలాగు చెప్తున్నారు. డెబ్భై ఏళ్ళుంటాయి, అందరూ తాతగారు అంటారు. కొడుకు చనిపోయాడని తెలిసిన తండ్రి మాట. సగం చెప్పి ఆగారు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. కాగితంలో మాట మర్చిపోయారేమో అనుకుని నేను ఇవతల గదిలోంచి మైకు నొక్కి మిగతా ముక్క అందించాను. మూర్తి గారు నా చెయ్యి మైకు మీదనుంచి లాగేసి “ఏంటమ్మా మీరు! బాగా వస్తున్న టేకు పోయింది” అని కేకలేశారు. తాతగారు కోప్పడలేదు. బయటికి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ మెల్లగా అన్నారు. “అమ్మా, ఆ మాట నా నాలిక చివరికి వచ్చేసిందమ్మా. మీరు లాగేసుకున్నారు.”

నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను రా. టీ తెచ్చిన ఆవిడ తమిళంలో ఏదో అడిగింది, “నథింగ్” అన్నాను. నీకు ఏడేళ్ళప్పటినుంచీ ఎన్ని మాటలు లాగేసుకున్నానో లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎక్కడని లెక్కపెడతాను? మొదటిది మాత్రం గుర్తొచ్చింది. నువ్వు అత్తని కనీకళ్ళు అని అడిగావు. అత్త “ఏంట్రా ఆ కాకి గోల, మనిషిలా అడుగు, అప్పుడిస్తాను” అంది. నువ్వు మనిషిలా అడగడానికి నోరు తెరిచావు. తెరిచి నిలబడ్డావు. నేను చెంబు తీసుకుని “నీళ్ళంట అత్తా, నీళ్ళు” అన్నాను. నువ్వు ఆ నీళ్ళు తాగలేదు. దాహం వేసి కూడా ఎందుకు తాగలేదో ముప్పై ఏళ్ళకి ఆ మెట్ల మీద అర్థమైంది నా మట్టిబుర్రకి.

తప్పు నాది రత్నం. అప్పటిదీ, గుడిలోదీ, టీవీలోదీ కూడా. సర్దిచెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. సీరియల్ ఆఖరి భాగంలో ఒక ముసలాయన వస్తాడు. ఆయన నక్షత్రం ఆరిపోయింది. ఆయన వాళ్ళలో ఆయనొక్కడే మిగిలాడు. ఏళ్ళ తరబడి ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. సభలో లేచి నిలబడి, చాలాసేపు ఊరికే చూసి, అప్పుడు ఉమ్మడి భాషలో రెండు పేజీలు మాట్లాడతాడు. ఆగకుండా. ఇన్నాళ్ళూ రెండేసి మాటలతో నెట్టుకొచ్చిన మా ఆర్టిస్టులందరూ దీని దగ్గర బోర్లా పడ్డారు. మూడో వరసకల్లా క ఎక్కడ పడాలో తెలియక నాలిక మడతపడుతోంది, మిగతావాళ్ళు నవ్వాపుకోలేక బయటికి పరుగు. నేను చెప్పి చూశాను, ఆడగొంతు అతకలేదు. అయినా నాకెప్పుడూ నీ వేగం లేదు, చిన్నప్పుడే లేదు. మూర్తి గారు విసిగిపోయి “ఈ భాష మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా?” అన్నారు. మా తమ్ముడి దగ్గరండి అన్నాను. “వస్తారా ఆయన?” అన్నారు.

ఇలాంటిది ఎవరడిగినా ఇదివరకు నేనేం అనేదాన్నో నీకు తెలుసు. వస్తాడండి, ఎందుకు రాడు, నేను చెప్తే వింటాడు అని నీ తరఫున నేనే ఒప్పేసుకునేదాన్ని. ఈసారి నోటి దాకా వచ్చింది. మింగేశాను. “అడిగి చెప్తానండి, ఆయన ఇష్టం” అన్నాను. ఆయన అన్నానురా నిన్ను, చూశావా!

నత్తి ఉన్నవాడివని జాలిపడి పిలుస్తున్నాననుకోకు. ఆ రెండు పేజీలు చెప్పగలిగిన మనిషి నాకు తెలిసి నువ్వొక్కడివే, అందుకని అడుగుతున్నాను. రికార్డింగు డిసెంబరు మొదటి వారంలో. రానంటే వేరే ఎవరి చేతనో ముక్కలు ముక్కలుగా చెప్పించి అతికిస్తారు. నామీద కోపంతో రాకపోయినా నేను నిష్ఠూరమాడను. ఆడతాననుకో, కానీ పైకి ఆడను.

ఆ రెండు పేజీలూ ఇందులో మడిచి పెట్టాను. చివర్లో సభ పెద్ద ఆ ముసలాయన్ని అడుగుతాడు, ‘మీ సొంత భాషలో ఒక్క మాట మాకు వినిపిస్తారా’ అని. ఆయన వినిపిస్తాడు. ఆ మాట ఏమిటో ఇంగ్లీషు కాగితంలో లేదు, ‘తన భాషలో ఒక మాట అంటాడు’ అని ఉంది, అంతే. అక్కడేం రాయమంటారని మూర్తి గారు రోజూ అడుగుతున్నారు. పది రాశాను, పదీ కొట్టేశాను. చివరికి ఆ చోటు ఖాళీగా వదిలేశాను. నువ్వొస్తే నీకు ఏది అనాలనిపిస్తే అది అను. నేను వెనకనుంచి అందించను.

మిగతా విషయాలు. వీలుంటే అత్త చేసిన ఎండు రొయ్యల పొడి ఒక సీసా పంపండి. మామి గారిల్లు శాకాహారం, కాబట్టి సీసా మీద నువ్వు ‘కారప్పొడి’ అని రాయి, వాసనకి నేను ఏదో సమాధానం చెప్పుకుంటాను. నా పాత గొడుగు మంచం కింద ఉంటుంది, అత్తని వాడుకోమను. క్రిస్మస్‌కి అత్తకి తేలిక రంగు చీర తీసుకున్నాను, ముందే చెప్పి చెడగొట్టకు. పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పండి. అత్తని నా కోసం ప్రార్థన చేయమను, నోరు అదుపులో ఉండాలని ప్రత్యేకంగా చేయమను. నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, కాకపోతే రోజూ ఒక్కసారైనా కఅకక్కా అని ఎవరైనా పిలిస్తే బాగుండుననిపిస్తుంది, అంతే.

అత్తకి నమస్కారాలతో, నీకు దీవెనలతో,
నీ మాటలకి అడ్డం పడటం మానుకుంటున్న
మీ అక్క
ఎస్తేరు

మరిచాను. నీకు ఫోనంటే ఎంత భయమో తెలుసు. హలో దగ్గరే ఆగిపోతావు, అవతలివాళ్ళు పెట్టేస్తారు. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మామి గారి ఫోను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను, ఆవిడని అడిగి ఉంచాను. నంబరు అత్త దగ్గరుంది. రానని చెప్పడానికైనా సరే చెయ్యి. ఎంతసేపైనా పట్టనీ, నేను పెట్టెయ్యను. హలో కూడా అనను, మొదటి మాట నీదే. ఫోనెత్తిన చప్పుడై, అవతల ఎవరూ పలకకపోతే, అది నేనే.